ఇనుముతో ఆగిపోని అయస్కాంత కిట్టు

ఈ కిట్టు నేను కొన్నదే అందులోని బిస్మత్ అనే లోహం కోసం. పిల్లల కోసం వచ్చే అయస్కాంత సెట్లు చాలావరకు ఇనుప రజను, గుండుసూదులు, దిక్సూచితోనే సరిపెడతాయి. దాంతో అంటుకునేవి, అంటుకోనివి అని రెండే రకాలు పిల్లల మనసులో స్థిరపడిపోతాయి. ఫిజిక్స్ చెప్పే టీచరుగా నన్ను బాధపెట్టేది ఇదే. నిజానికి ప్రతి పదార్థమూ అయస్కాంత క్షేత్రానికి ఎంతో కొంత స్పందిస్తుంది.

ఇందులో నియోడిమియం బిళ్ళలు (బలమైన అయస్కాంతాలు), అల్యూమినియం, రాగి, బిస్మత్ కడ్డీలు, నికెల్ తీగ, పలచటి పైరోలిటిక్ గ్రాఫైట్ (పొరలు పొరలుగా తయారుచేసిన కార్బన్) రేకు ఉన్నాయి. అన్నిటిలోకీ గ్రాఫైట్ రేకు అద్భుతం. నాలుగు బిళ్ళలను చదరంగా, పక్కపక్కన వేర్వేరు ధ్రువాలు పైకి ఉండేలా పేర్చి దాన్ని పైన వదిలితే గాలిలో తేలుతుంది. బ్యాటరీ లేదు, తీగ లేదు. కాస్త కదిపినా ఊగి మళ్ళీ మధ్యకే చేరుతుంది. గ్రాఫైట్, బిస్మత్ లాంటి డయా అయస్కాంత పదార్థాలు క్షేత్రం బలంగా ఉన్నచోటు నుంచి తప్పుకుంటాయి. 1845లో ఫారడే గుర్తించిన ఈ గుణం నీటికీ ఉంది, కాకపోతే చాలా స్వల్పం.

బిస్మత్ కడ్డీని దారంతో వేలాడదీసి అయస్కాంతాన్ని దగ్గరికి తెస్తే మెల్లగా వెనక్కి జరుగుతుంది. ఫ్యాను ఆపేసి ఓపిగ్గా చూడాలి. అల్యూమినియం పారా అయస్కాంత పదార్థం, అంటే అయస్కాంతం కొద్దిగా ఆకర్షించేది, కాబట్టి దగ్గరికి రావాలి. కానీ అయస్కాంతాన్ని గబుక్కున తెస్తే కడ్డీలో ఎడ్డీ ప్రవాహాలు (సుడుల్లా తిరిగే విద్యుత్ ప్రవాహాలు) పుట్టి దాన్ని అవతలికి నెడతాయి. అందుకే నెమ్మదిగా తెచ్చి, కాసేపు ఆగి చూడాలి. ఈ ముక్క సూచనల పుస్తకంలో లేదు. పైగా అల్యూమినియాన్ని, రాగిని కలిపి 'అయస్కాంత గుణం లేనివి' అని రాశారు. అల్యూమినియం ఆకర్షణకు, రాగి వికర్షణకు లోనయ్యేవి! ఇంత మంచి సామాను ఇచ్చి ఆ మాట రాయడం అన్యాయం.

నికెల్ తీగ ప్రయోగం మాత్రం చక్కగా రాశారు. మంటలో సుమారు 358 డిగ్రీల సెల్సియస్ దాటగానే తీగ అయస్కాంతాన్ని వదిలేస్తుంది, చల్లారాక మళ్ళీ అంటుకుంటుంది. ఇనుముకైతే ఆ హద్దు 770 డిగ్రీలు. నియోడిమియం బిళ్ళలను మాత్రం మంటకు దూరంగా ఉంచండి, సాధారణ రకాలు 80 డిగ్రీలు దాటితేనే బలం కోల్పోతాయి.

హైస్కూలు పిల్లలకు నిస్సంకోచంగా కొనొచ్చు. పసిపిల్లలున్న ఇంట్లో వద్దు. రెండు బిళ్ళలు మింగితే పేగుల గోడల మధ్య అతుక్కుని ప్రాణం మీదికి వస్తుంది.