అంబాసిడర్ రిమ్ములు పౌడర్ కోటింగ్‌కి ఇద్దామనుకుంటున్నారా? ఆగండి, ముందు ఇది చదవండి

కోపం మీద రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

షాపు పేరు రాయను. పాత బండ్లున్న వాళ్ళకి ఎలాగూ తెలుసు. ముందు తుప్పు, తర్వాత మెరుపు అంటూ వీడియోలు పెడుతుంటాడు చూడండి, ఆయనే. నాన్నగారి 1986 అంబాసిడర్ మార్క్ ఫోర్ రిమ్ములు, స్టెప్నీతో కలిపి ఐదూ ఇచ్చాను. టైర్లు విప్పడం, శాండ్ బ్లాస్టింగ్ (ఇసుక కొట్టి తుప్పు, పాత రంగు వదిలించడం), ప్రైమర్, సిల్వర్ పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి ఓవెన్‌లో కాల్చడం), మళ్ళీ టైర్లు ఎక్కించడం, అంతా కలిపి 14,000. బేరం కూడా ఆడలేదు. పైగా మొత్తం డబ్బు ముందే ఇచ్చేశాను. నా తెలివి అలా ఏడిసింది.

నాలుగో రోజుకే రెడీ అన్నాడు. మెరుపు చూసి మురిసిపోయి, ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపాను. టైర్ల అంచున సన్నటి సిల్వర్ గీత కనిపించింది. స్టైలుగా ఉందనుకున్నాను!

నిన్న సూర్యాపేటలో పెళ్ళికి బయల్దేరాం. బండిలో అమ్మ, మా ఆవిడ, పిల్లలు. చౌటుప్పల్ దగ్గర పడేసరికి ఎడమ ముందు చక్రం టకటకమంటోంది. పంక్చర్ షాపు దగ్గర ఆపి హబ్‌క్యాప్ (చక్రం మధ్యలో నట్లని కప్పే మూత) పీకితే ఐదు నట్లలో మూడు చేత్తో తిరిగిపోతున్నాయి. నట్టు కూర్చునే ఏటవాలు అంచు మీద పెయింటు ముద్దలు కట్టి ఉంది. దాని మీదే బిగించేశారు. బండి నడిచేకొద్దీ ఆ పెయింటు నలిగి నట్లు వదులయ్యాయి. ఇంకో ఇరవై కిలోమీటర్లు పోయుంటే ఏమయ్యేదో తలుచుకోవాలంటేనే భయంగా ఉంది.

పంక్చర్ షాపు కుర్రాడు గుడ్డకి కాస్త థిన్నర్ అద్ది రిమ్ము రుద్దాడు. గుడ్డంతా సిల్వరే. ఓవెన్‌లో కాల్చిన పౌడర్ కోటింగైతే ఇంత తేలిగ్గా రాదు సార్, ఇది మామూలు స్ప్రే అన్నాడు. టైరు విప్పి చూపించాడు. లోపల తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. "దీన్ని ఈమధ్య ఎవరూ విప్పనే లేదు సార్." నేను మురిసిపోయిన సిల్వర్ గీత, టైరు మీద పడ్డ స్ప్రే.

అక్కడి నుంచే రంగు వేసిన షాపాయనకి ఫోన్ చేశాను. ముందు "పౌడర్ కోటింగే సార్" అన్నాడు. మరి 180 డిగ్రీల ఓవెన్‌లో టైరుతో సహా పెట్టారా, ట్యూబు కూడా కాల్చారా అని అడిగాను. రెండు క్షణాలు చప్పుడు లేదు. తర్వాత నవ్వాడండీ. నిజంగా నవ్వాడు.

"హబ్‌క్యాప్ పెట్టేస్తే లోపల ఎవరు చూస్తారు సార్? అయినా ఈ బండి ఇంకెన్నేళ్ళు తిరుగుతుంది?"

పెయింటు సంగతి అలా ఉంచండి, డబ్బు సంగతీ అలా ఉంచండి. ఆ మాట మాత్రం మింగుడు పడట్లేదు. మా నాన్న ప్రతి ఆదివారం బకెట్ నీళ్ళు పెట్టుకుని కడిగిన చక్రాలవి. చక్రాలు ఊడేలా ఉన్నాయయ్యా, పిల్లలున్నారు బండిలో అంటే, "నట్లు బిగించుకోవడం మీ పని" అని పెట్టేశాడు. ఇప్పుడు వాట్సాప్‌లో బ్లాక్.

విజయవాడ ఆటోనగర్‌లో మామయ్యకి తెలిసిన మేస్త్రి ఉన్నాడు, అక్కడ ఇవ్వరా అని అమ్మ మొదటే చెప్పింది. వినలేదు. వీడియోలు చూసిన కళ్ళు కదా!

మీరు ఇచ్చేటట్టయితే టైర్లు మీరే విప్పించి వట్టి రిమ్ములు ఇవ్వండి. బ్లాస్టింగ్ అయ్యాక, రంగు పడకముందు ఓసారి వెళ్ళి చూడండి. నట్టు కూర్చునే చోట రంగు పడకుండా మూసెయ్యమని గట్టిగా చెప్పండి. చక్రాలు ఎక్కించి యాభై కిలోమీటర్లు తిరిగాక ఓసారి నట్లు బిగుతు చూసుకోండి. సగం డబ్బు పని అయ్యాకే.

అన్నట్టు, ఇందాకే డిక్కీ తెరిచి స్టెప్నీ తిప్పి చూశాను. పైకి కనిపించే వైపు మాత్రమే రంగు వేశాడు.