పల్ప్ పత్రికల బొమ్మల కోసం టొరంటో, న్యూ బ్రిటన్

పాత అమెరికన్ సైన్స్ ఫిక్షన్ పత్రికల అట్టలు చూడ్డానికి పనిగట్టుకుని ఊళ్లు తిరగాలా, నెట్‌లో స్కాన్లు బోలెడు ఉన్నాయిగా అని ఇంట్లో అడిగారు. ఉన్న మాట నిజమే. 1926 నుంచి వచ్చిన సంచికలు చాలావరకు ఫోన్‌లోనే తిరగేయొచ్చు. కాకపోతే ఆ తెర మీద బొమ్మ ఎంత పెద్దదో తెలీదు, కాగితం ఎంత నాసిదో తెలీదు. ఈ బొమ్మల మంచీ చెడూ ఆ రెండింటి మీదే ఆధారపడి ఉన్నాయి.

ముందు టొరంటో. అక్కడి పబ్లిక్ లైబ్రరీలో మెరిల్ కలెక్షన్ అని సైన్స్ ఫిక్షన్ పుస్తకాలకు, పత్రికలకు ఒక విభాగం ఉంది. జుడిత్ మెరిల్ అనే రచయిత్రి, సంపాదకురాలు అమెరికా వదిలి టొరంటోలో స్థిరపడి, 1970లో తన పుస్తకాలన్నీ లైబ్రరీకి ఇచ్చేసింది. ఇది అలా మొదలైంది. కాలేజ్ స్ట్రీట్‌లోని లిలియన్ స్మిత్ బ్రాంచ్‌లో మూడో అంతస్తు. గుమ్మానికి అటూ ఇటూ రెక్కల సింహం, గ్రిఫిన్ (గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న పురాణ జంతువు) కంచు విగ్రహాలు ఉంటాయి కాబట్టి దాటిపోయే ప్రమాదం లేదు. స్పడైనా అవెన్యూ కూడలి నుంచి నడిచే దూరమే, కాలేజ్ స్ట్రీట్ మీద ట్రామ్ కూడా నడుస్తుంది. ప్రవేశానికి రుసుం లేదు.

పత్రికలు షెల్ఫుల్లో బయట ఉండవు. ఏది కావాలో చెబితే లోపలినుంచి తెచ్చి ఇస్తారు, అక్కడే కూర్చుని చూడాలి, ఇంటికివ్వరు. అందుకే పత్రిక పేరు, నెల, సంవత్సరం రాసుకుని వెళ్లండి. "పాత పల్ప్‌లు చూపించండి" అంటే వాళ్లు మాత్రం ఏం తెస్తారు! సిబ్బంది ఓపిక చూసి ముచ్చటేసింది. మాతో వచ్చిన మా పిన్ని కొడుక్కి ఈ గొడవేదీ పట్టదు. ఒక పేజీ తిప్పగానే అంచు పొడిగా రాలేసరికి గభాల్న చేతులు వెనక్కి తీసుకుని, "అన్నయ్యా, నేను ముట్టుకోను, నువ్వే తిప్పు" అన్నాడు. చౌక కలపగుజ్జు కాగితం అది, ఆ పత్రికలకు పల్ప్ అనే పేరు వచ్చిందీ దానివల్లే. గుజ్జులో మిగిలిపోయిన లిగ్నిన్ అనే కలప పదార్థం, ఆమ్లం ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని గోధుమ రంగులోకి తిప్పి పెళుసు చేసేస్తాయి. అట్ట మాత్రం వేరే నున్నటి కాగితం మీద వేరుగా అచ్చయ్యేది. లోపలంతా మాడిపోయినా పైన ఎరుపు, పసుపు భగ్గుమంటూనే ఉంటాయి.

హ్యూగో గెర్న్స్‌బ్యాక్ అనే ప్రచురణకర్త 1926 ఏప్రిల్‌లో 25 సెంట్లకు తెచ్చిన 'అమేజింగ్ స్టోరీస్' తొలి సంచికను ఎదురుగా పెట్టుకుని చూడాలి. మామూలు పల్ప్ సుమారు 7 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు. ఇది అంతకన్నా పెద్దది. మంచు గుట్టలెక్కి నిలిచిపోయిన ఓడలు, కింద స్కేటింగ్ చేస్తున్న జనం, వెనక ఆకాశమంతా ఆక్రమించిన శనిగ్రహం. జూల్ వెర్న్ తోకచుక్క నవల కోసం ఫ్రాంక్ ఆర్. పాల్ వేసిన బొమ్మ. ఆస్ట్రియాలో పుట్టి, భవనాల నక్షాలు గీయడం నేర్చుకున్న మనిషి కాబట్టి యంత్రం గీశాడంటే ప్రతి బోల్టూ దాని చోట ఉంటుంది. మనుషుల దగ్గరికొచ్చేసరికి చెక్కబొమ్మలే, అందరిదీ ఒకటే ముఖం. 1927 ఆగస్టు సంచిక మీద అంగారకుల మూడు కాళ్ల యంత్రాలు చూడండి, ప్రాణమంతా వాటికే ఉంది. చాలామంది దీన్ని పాల్ లోపం అంటారు. నాకైతే అదే సరైన లెక్క అనిపిస్తుంది. ఆ కథల్లో మాత్రం మనుషులెక్కడున్నారు?

1940ల నాటికి మనుషులు బాగానే వచ్చారు, మరీ ముఖ్యంగా ఆడవాళ్లు. 'స్టార్ట్‌లింగ్ స్టోరీస్', 'థ్రిల్లింగ్ వండర్ స్టోరీస్' అట్టల మీద ఎర్ల్ బెర్గీ వేసిన ఇత్తడి కవచాల సుందరులు ఒక పది సంచికలు చాలు, విసుగు పుట్టించేస్తారు. వాటి మీద సమయం పెట్టకండి.

ఆ సమయం వర్జిల్ ఫిన్లేకి ఇవ్వండి. ఈయన గొప్పదనం అట్ట మీద కాదు, లోపలి నలుపు తెలుపు బొమ్మల్లో. సన్నటి మొన ఉన్న పెన్ను సిరాలో ముంచి, చుక్క మీద చుక్క పెట్టుకుంటూ చర్మం నునుపు, పొగమంచు, నక్షత్రాల కాంతి తెచ్చేవాడు. స్క్రాచ్‌బోర్డు అనే నల్లపూత అట్ట మీద నలుపును గీకి తెలుపు తీసేవాడు. ఒక్క బొమ్మకు రోజులు పట్టే పని, పల్ప్ పత్రికలిచ్చే డబ్బులు చూస్తే ఏ మాత్రం గిట్టుబాటు కానిది. అంత చేశాక అచ్చయ్యేదేమో ఆ గరుకు కాగితం మీద. చుక్కలు పక్కపక్కవి కలిసిపోయి కొన్ని పేజీల్లో నీడలు మసిముద్దలైపోయాయి. కొన్నిచోట్ల మాత్రం ఎలా నిలిచిందో ఏమో, ప్రతి చుక్కా విడిగా కనిపిస్తుంది. స్కాన్ చేసేవాళ్లు కాంట్రాస్టు పెంచి ఈ తేడానంతా చెరిపేస్తారు. నన్నడిగితే టొరంటో దాకా వెళ్లడానికి ఇదొక్కటే చాలు. సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డులు 1953లో తొలిసారి ఇచ్చినప్పుడు లోపలి బొమ్మలకు విడిగా పెట్టిన బహుమతి ఫిన్లేకే వచ్చింది.

కెనడా ముచ్చట ఒకటి. 1939 నుంచి 'ఎస్టౌండింగ్' అనే పత్రిక అట్టలకు హుందాతనం తెచ్చిన హ్యూబర్ట్ రోజర్స్ ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ వాడు. యుద్ధం రాగానే రాకెట్లు పక్కన పెట్టి ప్రభుత్వానికి యుద్ధ పోస్టర్లు వేశాడు. విదేశీ మారకం ఆదా కోసం 1940 చివర్లో కెనడా అమెరికన్ పల్ప్‌ల దిగుమతి ఆపేసింది. టొరంటో పత్రిక 'అన్‌క్యానీ టేల్స్' ఆ రోజుల్లోనే వచ్చి 1943 దాకా నడిచింది.

బస సంగతి. టొరంటో పక్క ఊరు మిస్సిసాగాలో చుట్టాలుంటే ఖర్చు లేదు గానీ, రోజూ రాకపోకలకే సగం పూట పోతుంది. మేం ఒక రాత్రి డౌన్‌టౌన్‌లో ఒక చిన్న హోటల్లో దిగాం. ఫోటోల్లో కిటికీ ఉంది, గదిలో ఎదురింటి గోడ ఉంది. వేసవిలో వెళ్లేవాళ్లకు యూనివర్సిటీ హాస్టల్ గదులు అద్దెకిస్తారు, లైబ్రరీకి దగ్గర, అవి నయం. తిండికి కెన్సింగ్టన్ మార్కెట్ పక్కనే, శాకాహారులకూ ఇబ్బంది లేదు. హార్బర్డ్ స్ట్రీట్‌లో 1972 నుంచి నడుస్తున్న బక్కా ఫీనిక్స్ అనే సైన్స్ ఫిక్షన్ పుస్తకాల షాపు చూడదగ్గదే, అక్కడ పాత పల్ప్‌లు దొరుకుతాయని మాత్రం ఆశపడొద్దు.

అక్కణ్ణుంచి అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని న్యూ బ్రిటన్‌కి కార్లో బయల్దేరాం, ఎనిమిది గంటల పైచిలుకు. ఫిన్లే పుట్టిన రోచెస్టర్ దారిలోనే తగులుతుంది, ఆగలేదు. ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్లు అమెరికాలో ఉంటున్నా కెనడాకు వేరే వీసా కావాలని మరవొద్దు, గ్రీన్‌కార్డు ఉంటేనే మినహాయింపు.

న్యూ బ్రిటన్ మ్యూజియం ఆఫ్ అమెరికన్ ఆర్ట్ 1903 నాటిది. రాబర్ట్ లెస్సర్ అనే సేకర్త ఎన్నో ఏళ్లపాటు వెతికి పోగుచేసిన పల్ప్ అట్టల అసలు చిత్రాలు ఈ మ్యూజియానికి వచ్చాయి. అచ్చు అయిపోయాక ఆ పెయింటింగులు ఎవరికీ అక్కర్లేకపోయాయి. ప్రచురణకర్తలు పారేశారు, వేసినవాళ్లలో కొందరు తమదని చెప్పుకోడానికే సిగ్గుపడ్డారు. అందుకే మిగిలినవి తక్కువ.

అన్నీ ఒకేసారి గోడమీద ఉండవు. డిటెక్టివ్, సాహస పత్రికలవి కూడా అందులో కలిసే ఉన్నాయి కాబట్టి రాకెట్లే చూస్తామనుకుని వెళ్తే నిరాశ తప్పదు. ముందే ఫోన్ చేసి ఏవి ప్రదర్శనలో ఉన్నాయో కనుక్కోండి. కానీ ఒక్కటి ఉన్నా చాలు, తేడా తెలిసిపోతుంది. సుమారు 30 అంగుళాల ఎత్తున్న కాన్వాస్, నూనె రంగులు, కుంచె బలంగా కదిలిన గుర్తులు. పైన మూడో వంతు ఖాళీ ఆకాశం, పత్రిక పేరు అచ్చు వేయడానికి వదిలిన చోటు. ఫ్రేములో అది వెలితిగానే కనిపించింది. ఈ బొమ్మలు న్యూస్‌స్టాండులో పక్క పత్రికతో పోటీపడి కేక వేయడానికి వేసినవి, పేరూ ధరా లేకుండా గోడమీద కాస్త మూగగా ఉన్నాయి. ఫిన్లేకి కాగితం అన్యాయం చేసింది, పాల్‌కి అట్ట కాగితం కలిసొచ్చింది. అట్టను అట్టగా చూడాలంటే టొరంటోయే మేలు.

న్యూ బ్రిటన్‌కి టికెట్ ఉంది, టొరంటోలా ఉచితం కాదు. థామస్ హార్ట్ బెంటన్ అనే అమెరికన్ చిత్రకారుడు 1932లో వేసిన పెద్ద కుడ్యచిత్రాలు కూడా అక్కడే ఉన్నాయి కాబట్టి డబ్బులు వృథా అనిపించదు. బసకు హార్ట్‌ఫర్డ్ సౌకర్యం, అక్కణ్ణుంచి బస్సు ఉంది. మన భోజనం కావాలన్నా, గుడికి వెళ్లాలన్నా మిడిల్‌టౌన్‌లో సత్యనారాయణ స్వామి ఆలయం కార్లో దగ్గరే. ఈ మ్యూజియం కోసమే ఇండియా నుంచి రానక్కర్లేదు. న్యూయార్క్, బోస్టన్ వైపు ఎలాగూ వచ్చేవాళ్లు ఒక పూట కేటాయిస్తే సరిపోతుంది.