ట్రమడాల్ మానేవాళ్లకు ఏ కౌన్సెలర్ మేలు?

మా బావకి నడుములో డిస్క్ ఆపరేషన్ అయ్యాక నెల రోజులకని రాసిచ్చిన ట్రమడాల్ అనే నొప్పి మాత్ర, అలవాటైపోయి రెండేళ్లు సాగింది. 2018 ఏప్రిల్‌లోనే దాన్ని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. అయినా చీటీ లేకుండా ఇచ్చే షాపు ఎక్కడో ఒకటి దొరుకుతూనే ఉంది. ఒకరోజు అక్క దిండు గలీబు ఉతకడానికి తీస్తే ఖాళీ స్ట్రిప్పులు జారిపడ్డాయి. పదిహేడు. లెక్కపెట్టి మరీ నాకు ఫోన్ చేసింది.

ముందు వెళ్లింది ఒక డీఅడిక్షన్ సెంటర్‌కి. అక్కడి కౌన్సెలర్ ఒకప్పుడు తాగుడుకి బానిసై బయటపడ్డ మనిషి. "మిగతావి బండి సీటు కింద ఉన్నాయా?" అని అడిగేసరికి బావకి నవ్వాగలేదు, నిజంగా అక్కడే ఉన్నాయి. ఇలాంటివాళ్ల దగ్గర అబద్ధం చెల్లదు, సిగ్గూ ఉండదు. కానీ ఆయనకి అన్నిటికీ తాగుడే కొలత. నడుం నొప్పంటే "అది సాకు" అని కొట్టిపారేశాడు. నాకు అక్కడే మనసు విరిగింది, ఎందుకంటే బావ నొప్పి సాకు కాదు. సెంటర్‌లో చేర్చాల్సి వస్తే మాత్రం 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్టర్ అయిందా, ఇంటివాళ్లని కలవనిస్తారా అన్నవి అడక్కుండా సంతకం పెట్టకండి.

తర్వాత సైకియాట్రిస్ట్. మాత్రలు తగ్గిస్తుంటే ఒళ్లునొప్పులు, ముక్కు కారడం, విరేచనాలు, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. డోసు మెల్లగా దించాలా, ఈ అలవాటు మాన్పించడానికి వాడే బ్యూప్రెనార్ఫిన్ లాంటిది ఇవ్వాలా తేల్చేది ఆయనే, కౌన్సెలర్ కాదు. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలల్లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది పెద్ద ఖర్చు లేకుండా అవుతుంది. మాట్లాడటానికి దొరికేది పది నిమిషాలు. అయినా ఈ మెట్టు దాటెయ్యకూడదు. రాత్రంతా కాళ్లు కొట్టుకుంటూ పడుకోని మనిషికి పొద్దున ఏ మాట చెప్పినా ఎక్కదు.

మూడో మనిషి క్లినికల్ సైకాలజిస్ట్, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్నావిడ. ("సైకాలజిస్ట్" బోర్డు చాలామంది పెడతారు, ఆ నంబర్ అడగడం తప్పేం కాదు.) ఆవిడ మొదటి ప్రశ్న, "నొప్పి ఏ టైమ్‌కి ఎక్కువండీ?" మాత్రల సంగతి తర్వాతే ఎత్తింది. ఒక నోట్‌బుక్ పెట్టమంది. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కు, మాత్ర మీద కోరికకి ఇంకో మార్కు, ఆ ముందు గంటలో ఏం జరిగిందో ఒక ముక్క. రెండు వారాల తర్వాత చూస్తే నొప్పి దాదాపు రోజూ నాలుగు. కోరిక ఎనిమిదికి ఎక్కిన రోజులన్నీ ఈఎంఐ వాళ్లు ఫోన్ చేసిన రోజులు! అప్పటిదాకా ఆ ముడి మాలో ఎవరికీ కనపడలేదు. నడుముకి ఫిజియోథెరపీ, ఆ ఫోన్లు మాట్లాడే పని అక్కకి. అలా దారి పడింది.

ఇబ్బంది డబ్బే. గంటకి మాకు పన్నెండు వందలు పడింది, వారం వారం. అంత కుదరకపోతే ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ విభాగంలో సైకాలజిస్ట్ ఉన్నారేమో అడగండి. 14416 టెలీ మానస్, అంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అర్ధరాత్రి టెన్షన్‌కి అది చాలా మేలు. కాకపోతే చేసిన ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పుకోవాలి.

మా ఇంటి అనుభవంతో చెప్పమంటే, ముందు సైకియాట్రిస్ట్, ఆ వెంటే నొప్పి గురించి అడిగే సైకాలజిస్ట్. మనిషి అసలు అలవాటే లేదని బుకాయిస్తుంటే ఆ సెంటర్ కౌన్సెలర్ లాంటివాడితో ఒక్కసారి కూర్చోబెట్టండి.

నాలుగో నెలలో బావ మళ్లీ ఒక మాత్ర వేసుకున్నాడు. భయపడుతూనే సైకాలజిస్ట్‌కి చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. "ఎన్ని వేసుకున్నారు? ఇన్నాళ్లు మానేశాక పాత డోసు ఒంటికి పట్టదు, ఊపిరి ఆగే ప్రమాదం ఉంది" అని ముందు అది చెప్పి, "సరే, ఆ రోజు నోట్‌బుక్‌లో ఏం రాశారు?" అంది. బావ సంచీలోంచి నోట్‌బుక్ తీశాడు.