నీరో ఇంట్లో చలి, టైబీరియస్ కొండ మీద చెమట

కొలోసియం, వాటికన్ ఇదివరకే చూశాం కాబట్టి ఈసారి రోమన్ చక్రవర్తులు విచ్చలవిడిగా బతికిన చోట్ల వెంట పడదామని ముందే అనుకున్నాం.

మొదట నీరో బంగారు సౌధం, కొలోసియం పక్క గుట్ట కింద. జులై ఎండలో చెమటలు కారుతూ వెళ్తే లోపల పది డిగ్రీలు, మా ఆవిడ స్వెటర్ తెమ్మన్నా వినలేదు నేను. హెల్మెట్ పెట్టి, గైడుతోనే పంపిస్తారు, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. రోమ్ తగలబడుతుంటే ఫిడేలు వాయించాడంటాం గానీ అప్పటికి ఫిడేలే పుట్టలేదు, మంటలు మొదలైనప్పుడు అతను ఊళ్ళోనే లేడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అసలు పాపం ఆ తర్వాతది. క్రీ.శ. 64లో జనం ఇళ్ళు పోగొట్టుకుని రోడ్డున పడితే, కాలిన ఆ నేల మీదే ఈ మేడ లేపి, ముందు చెరువు తవ్వించాడు. మేడ పూర్తయ్యాక “ఇప్పటికి మనిషిలా బతకడం మొదలెట్టాను” అన్నాడట. 68లో ఆత్మహత్య చేసుకున్నాడు. తర్వాతి చక్రవర్తుల్లో వెస్పాసియన్ చెరువు ఎండగట్టి అక్కడే కొలోసియం మొదలెట్టాడు, ట్రాజన్ మేడను మట్టితో పూడ్చి పైన స్నానశాలలు కట్టాడు. ఆ మట్టి వల్లే రంగులు మిగిలాయి. ఎనిమిది పలకల గదిలో పైకప్పు మధ్య గుండ్రటి కన్నం, అందులోంచి పడే వెలుతురు తప్ప ఇంకేమీ లేదు, అయినా అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

బస టెర్మినీ స్టేషన్ దగ్గర. పేరు చెప్పను గానీ ఏసీ అని రాసి రాత్రి పదింటికల్లా ఆపేసేవాళ్ళు. ఊరి పన్ను మనిషికి ఇంతని వేరే.

కాప్రి దీవికి నేపుల్స్ నుంచి స్పీడ్ బోటులో గంట లోపే. దిగాక టైబీరియస్ చక్రవర్తి భవనానికి ముప్పావుగంట పైగా నడక, అంతా ఎక్కుడే, నీళ్ళు వెంట పెట్టుకోండి. క్రీ.శ. 27 నుంచి 37లో చనిపోయేదాకా ఎక్కువగా ఈ దీవిలోనే ఉండి ఉత్తరాలతో రాజ్యం నడిపాడు, ఒక్క ఉత్తరంతో తన కుడిభుజంలాంటి సెజానస్ తల తీయించాడు. ఇక్కడ అతను చేశాడని చెప్పే పాడుపనులన్నీ సుటోనియస్ అనే రచయిత ఎనభై ఏళ్ళ తర్వాత రాసినవి, వాటిలో సగం ఊరి కబుర్లేనేమో అని నా అనుమానం. శత్రువుల్ని తోయించేవాడన్న దాదాపు 300 మీటర్ల కొండ అంచున నిలబడితే మాత్రం కాళ్ళు వణికాయి. మిగిలినవి మొండిగోడలు, వాననీళ్ళ తొట్లు. కాఫీ రేటు చూసి కళ్ళు తిరిగాయి. దృశ్యం కోసమైతే వెళ్ళండి, చరిత్ర కోసమైతే నీరో ఇల్లే మేలు.

రోమ్ దగ్గర్లోని నేమీ సరస్సుకి బస్సులు మారి వెళ్ళాం, సగం రోజు పోయింది. కాలిగులా చక్రవర్తి ఇంత చిన్న చెరువులో డెబ్బై మీటర్లు దాటిన రెండు విలాస నౌకలు చేయించాడు, పోవడానికి ఎక్కడా దారి లేదు, ఊరికే తేలడానికి. ముస్సోలినీ కాలంలో నీళ్ళు తోడి బయటికి తీస్తే 1944లో మంటల్లో పోయాయి. మ్యూజియంలో ఐదో వంతు సైజు నమూనాలున్నాయి. ఊళ్ళో అడవి స్ట్రాబెర్రీలు తిని తిరుగుబాట పట్టాం.

ఆ నౌకల కంచు తోడేలు, సింహాల తలలు, నోట్లో కడియాలు పట్టుకున్నవి, టెర్మినీ ఎదురుగా పలాజ్జో మాస్సిమో మ్యూజియంలో ఉన్నాయట. మా గది నుంచి ఐదు నిమిషాలు కూడా లేదు. తెలిసేసరికి ఫ్లైట్‌కి టైమైపోయింది.