జాగ్రత్త: ‘802.1ఎక్స్ చేసేశాం’ అన్నా సరే, బయటి ల్యాప్‌టాప్ పెట్టి చూడందే బిల్లు కట్టకండి

హైదరాబాద్‌లో ఆఫీసు నెట్‌వర్క్ స్విచ్‌ల (కంప్యూటర్ల కేబుళ్లన్నిటినీ కలిపే పెట్టెల) పని బయటి సంస్థలకు ఇస్తున్నవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. బేగంపేటలో మా ఆఫీసుకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను.

క్లయింట్ పెట్టిన సెక్యూరిటీ షరతు కోసం స్విచ్‌లన్నిటిలో 802.1ఎక్స్ పెట్టించాం. అంటే గోడ జాక్‌లో కేబుల్ పెట్టగానే నెట్ రాకూడదు. స్విచ్ ముందు ‘నువ్వెవరు’ అని అడగాలి, ఆ జవాబును రేడియస్ సర్వర్ (ఎవరిని లోపలికి రానివ్వాలో తేల్చే కంప్యూటర్) సరిచూడాలి, సరేనంటేనే పోర్టు, అంటే స్విచ్‌లో ఆ కేబుల్ చేరే సాకెట్, తెరుచుకోవాలి. తెలిసినవాళ్లు మంచివాళ్లని చెప్పిన సంస్థకే పని ఇచ్చాం. కొటేషన్‌లో ‘ప్రతి పోర్టుకూ’ అని స్పష్టంగా రాశారు. పని అయిపోయిందన్నారు. నెట్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

తర్వాత క్లయింట్ తరఫున ఆడిట్‌కు వచ్చినాయన మీటింగ్ రూమ్ జాక్‌లో తన ల్యాప్‌టాప్ కేబుల్ పెట్టారు. యూజర్‌నేమ్ అడగలేదు, సర్టిఫికెట్ అడగలేదు. వెంటనే ఐపీ వచ్చేసింది, మా ఫైల్ సర్వర్‌కి పింగ్ (దారి ఉందో లేదో చూసే చిన్న సందేశం) కూడా వెళ్లింది. ‘ఇదేంటండీ?’ అని స్క్రీన్ మా వైపు తిప్పారు.

స్విచ్‌లో ఆ పోర్టు వివరాలు తీస్తే, పోర్ట్ కంట్రోల్ ఎదురుగా ‘ఫోర్స్ ఆథరైజ్డ్’ అని కనపడింది. ఎవరొచ్చినా ఏమీ అడక్కుండా పంపించెయ్ అని దాని అర్థం. సిస్కో స్విచ్‌లలో డిఫాల్ట్ కూడా అదే. మొత్తం స్విచ్‌కి ఒక గ్లోబల్ కమాండ్ కొట్టి, పోర్టుల్ని ‘ఆటో’లోకి, అంటే అడిగి సరిచూశాకే తెరిచే మోడ్‌లోకి, మార్చకుండా వదిలేశారు. ‘ఆటో’లో ఉన్న కొన్నిటి మీద ‘ఆథెంటికేషన్ ఓపెన్’ అనే లైను ఉంది. అది మొదట్లో ఎవరెవరు ఫెయిలవుతున్నారో చూసుకోవడానికి పెట్టే మానిటర్ మోడ్. ఫెయిలైనా నెట్ వస్తూనే ఉంటుంది. ఆ లైను తీసేస్తేనే పని పూర్తయినట్టు.

రేడియస్ సర్వర్ చూస్తే ఇంకా బాధేసింది. స్విచ్‌కీ సర్వర్‌కీ మధ్య ఉండాల్సిన రహస్య పాస్‌వర్డ్ ‘టెస్టింగ్123’. అది ఫ్రీరేడియస్ అనే ఉచిత రేడియస్ సాఫ్ట్‌వేర్ శాంపిల్ ఫైల్‌లో ఉండేదే, లోకమంతా చదివిందే. ప్రింటర్లకు మ్యాక్ బైపాస్ ఇచ్చారు. అంటే 802.1ఎక్స్ జవాబు లేకుండానే పంపించడం; అందులో పరికరం మ్యాక్ అడ్రసే (ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఉండే నంబరే) యూజర్‌నేమూ పాస్‌వర్డూ. మా ప్రింటర్ వెనక స్టిక్కర్ మీద ఆ నంబర్ అచ్చై ఉంది, ల్యాప్‌టాప్‌కి అదే నంబర్ పెట్టుకోవడం నిమిషం పని. అందుకే ప్రింటర్లకు విడి వీల్యాన్ (అవే స్విచ్‌ల మీద విడదీసిన వేరే నెట్‌వర్క్) ఇచ్చి, ప్రింట్ సర్వర్ వరకే దారి వదలాలి. వీళ్లు వాటిని అకౌంట్స్ వాళ్ల వీల్యాన్‌లోనే కలిపేశారు.

అడిగితే వచ్చిన జవాబు: ‘నెట్ పనిచేస్తోంది కదా సార్, ఇంకేం ప్రాబ్లం?’

ఈ పనిలో ఎగ్గొట్టడం సులువయ్యేది సరిగ్గా ఇక్కడే. ఏసీ సరిగా బిగించకపోతే గది చల్లబడదు, ఆ రోజే తెలిసిపోతుంది. ఇక్కడ మాత్రం పని చేయకపోతేనే అందరికీ నెట్ హాయిగా వస్తుంది. నిజంగా చేస్తే మొదట్లో కొన్ని కంప్లయింట్ ఫోన్లు రాక తప్పదు. విండోస్‌లో స్విచ్ ప్రశ్నకు జవాబిచ్చే వైర్డ్ ఆటోకాన్ఫిగ్ సర్వీసు దానంతటది మొదలవదు, ప్రతి మెషీన్‌లో ఆన్ చేయాలి. 802.1ఎక్స్ తెలియని పాత పరికరం పెడితే, సిస్కో డిఫాల్ట్ టైమర్లతో 90 సెకన్లు గడిస్తే గానీ మ్యాక్ బైపాస్ మొదలవదు, ఈలోపు ఐపీ రాలేదని ఎవరో ఒకరు అరుస్తారు. పని పూర్తయిందన్నాక ఒక్క కంప్లయింట్ కూడా రాలేదంటే నేనైతే అనుమానిస్తాను.

కాబట్టి చివరి వాయిదా చేతిలో ఉండగానే, ఆఫీసుకు సంబంధం లేని ల్యాప్‌టాప్ తెప్పించి ప్రతి ఫ్లోర్‌లో, ముఖ్యంగా రిసెప్షన్, మీటింగ్ రూముల్లో పెట్టి చూడండి. నెట్ రాకూడదు, లేదా గెస్ట్ వీల్యాన్‌లో పడాలి. ఆ తర్వాత ఒక పోర్టుకి చిన్న మామూలు స్విచ్ తగిలించి, దాని వెనక ఆఫీసు ల్యాప్‌టాప్ పాసయ్యాక, రెండోదిగా బయటి ల్యాప్‌టాప్ పెట్టండి. పోర్టు మల్టీ-హోస్ట్ మోడ్‌లో ఉంటే మొదటివాడు పాసైనందుకు రెండోవాడికీ దారి దొరుకుతుంది. ఇవన్నీ అయ్యాక, రేడియస్ సర్వర్ ఆపి ఏం జరుగుతుందో వాళ్ల ఎదుటే చూడండి: అందరికీ నెట్ ఆగిపోతుందా, అన్ని పోర్టులూ తెరుచుకుంటాయా, ముందే అనుకున్న వీల్యాన్‌లోకి వెళ్తారా? ఈ ప్రశ్నకు జవాబు లేని ఇంజనీరు డిజైన్ చేయలేదు, కమాండ్లు కాపీ కొట్టాడంతే.

ప్రతి స్విచ్ రన్నింగ్ కాన్ఫిగ్‌నూ (అందులో నడుస్తున్న సెట్టింగులన్నిటినీ) ఫైల్‌గా ఇవ్వాలని, బయటి ల్యాప్‌టాప్ టెస్ట్ పాసైతేనే చివరి వాయిదా అని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించండి. మా ఆర్డర్‌లో ఆ మాట లేకపోవడాన్ని పట్టుకునే వాళ్లు ఇప్పటికీ మిగతా డబ్బు అడుగుతున్నారు. మేము ఇవ్వలేదు, వేరే ఇంజనీరుతో పోర్టు పోర్టుకూ మళ్లీ చేయించుకుంటున్నాం.