చిత్తుప్రతా, శుద్ధప్రతా? పాత ఇంగ్లిష్ జానపదాలను దేన్ని చూసి ఎత్తిరాయాలి

"పాట దొరికింది. పల్లెలో పాడుతుంటే విని రాసుకున్న సేకర్త జేబు నోటుపుస్తకంలో (చిత్తుప్రతి) ఒకలా ఉంది, తర్వాత తీరిగ్గా రాసుకున్న ప్రతిలో (శుద్ధప్రతి) ఇంకోలా ఉంది. ఏది చూసి రాయాలి?" ఈ మధ్య నన్ను నలుగురైదుగురు ఇదే అడిగారు. అడిగినవాళ్ళలో ఇద్దరు నాలాగే కర్ణాటక సంగీతం నేర్చుకుని, తర్వాత ఈ పాటల పిచ్చిలో పడ్డవాళ్ళు. స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల పాశ్చాత్య స్వరలిపి) చదవడం, రౌడ్ నంబరుతో (జానపదాల సూచికలో ఒక్కో పాటకు ఇచ్చిన నంబరు) పాటను వెతకడం అడిగినవాళ్ళందరికీ తెలిసినవే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

శుద్ధప్రతి వైపు న్యాయం చిన్నదేమీ కాదు. ఇంగ్లండులో ఊరూరా తిరిగి జానపదాలు సేకరించిన సెసిల్ షార్ప్ సంగతే తీసుకోండి. తాను చదువుకున్న కేంబ్రిడ్జ్ క్లేర్ కాలేజీకి ఆయన వదిలి వెళ్ళిన ప్రతుల్లో దాదాపు 5 వేల వరసలున్నాయి. పాడినవాళ్ళ పేరు, ఊరు, తేదీ ఉంటాయి, చేతిరాత కుదురుగా ఉంటుంది. అన్నిటికంటే పెద్ద సంగతి, ఆయన ఆ గొంతు విన్నాడు, మనం వినలేదు. గబగబా గీసుకున్నది ఇంటికొచ్చి, చెవిలో పాట ఇంకా మోగుతుండగా సరిచేసుకుంటే, ఆ దిద్దుబాటు మన ఊహ కంటే నమ్మదగిందే కదా?

నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నా మనసు మార్చింది నిషాదం, అంటే సరిగమపదనిలో 'ని'.

ఈ పాటల్లో డోరియన్ మోడ్ అనే స్వరాల వరస తరచూ వస్తుంది. మన లెక్కలో అది ఖరహరప్రియ మేళం స్వరాలే. అయితే పల్లెటూరి గాయకుడు నిషాదాన్ని ఒక చరణంలో కిందికి, ఇంకో చరణంలో కాస్త పైకి పట్టవచ్చు, ఒక్కోసారి రెంటికీ మధ్యన వదిలేయవచ్చు. వింటూ రాసేవాడు ఆ స్వరం పక్కన దాన్ని పైకి జరిపే ♯ గుర్తు పెట్టి కొట్టేస్తాడు, లేదా పైన ప్రశ్నార్థకం గీస్తాడు. శుద్ధప్రతి రాసేటప్పుడు ఏదో ఒకటి తేల్చుకోవాలి. కైశికి (కింది నిషాదం) అని తేలిస్తే ఖరహరప్రియ. కాకలి (పై నిషాదం) అని తేలిస్తే అదే పాట గౌరీమనోహరి మేళంలోకి వెళ్ళిపోతుంది. ఒక్క గుర్తు మీద మేళమే మారిపోయే చోట, ఆ తీర్పు ఎక్కడ జరిగిందో కనబడాలా వద్దా? శుద్ధప్రతిలో చాలాసార్లు అది కనబడదు. చిత్తులో ఆ కొట్టివేతే సాక్ష్యం.

బాణీలో చరణానికో రకంగా మారే సంగతులదీ (చిన్న చిన్న స్వరాల మార్పులదీ) ఇదే కథ. బాణీ ఒకసారి రాసి, కింద "3వ చరణంలో ఇలా" అని రెండు బార్లు (స్వరలిపిలో నిలువు గీతల మధ్య గదులు) ఇరికించి ఉంటాయి. సాపు చేసేటప్పుడు ముందు రాలిపోయేవి ఇవే. ఇంకో సేకర్త, స్వరకర్త పెర్సీ గ్రెయింజర్ గోడు కూడా దీని గురించే. 1906లో లింకన్‌షైర్‌కు ఫోనోగ్రాఫ్ (మైనపు సిలిండర్ మీద గొంతు రికార్డు చేసే యంత్రం) పట్టుకెళ్ళి, ఒకే పాటను మళ్ళీ మళ్ళీ తిప్పి విని, చరణం చరణానికీ తేడా రాశాడు. ఆ స్వరలిపిలో తాళం గుర్తులు మారుతూనే ఉంటాయి, చూస్తే కళ్ళు తిరుగుతాయి.

మాటల విషయంలో తేడా ఇంకా ఎక్కువ. పాటలు సేకరించిన డెవన్ పాదిరీ బేరింగ్-గూల్డ్ తనకు పచ్చిగా అనిపించిన మాటలు తీసేసి అచ్చుకు కొత్తవి రాశాడు. స్ట్రాబెరీ ఫెయిర్ పాటకు పాత బాణీ ఉంచి మాటలు తనవి పెట్టాడు. ఆయన కాగితాల్లో చిత్తుదాకా వెళ్ళకపోతే పాడినవాడు ఏమన్నాడో, పాస్టరు గారు ఏమన్నారో విడదీయడం కష్టం.

అలాగని చిత్తును దేవుణ్ణి చేయనక్కర్లేదు. 1903లో సోమర్సెట్‌లోని హాంబ్రిడ్జ్ చర్చి బంగళాలో తోటమాలి జాన్ ఇంగ్లండ్ పని చేసుకుంటూ 'సీడ్స్ ఆఫ్ లవ్' పాడుతుంటే షార్ప్ రాసుకున్నాడు. ఆ సాయంత్రమే దానికి పియానో కట్టి విందులో పాడించారని చెబుతారు. తోటలో విన్నది, పుస్తకంలోకి ఎక్కింది, విందులో మోగింది, ఒక్క పూటలో మూడు పాటలు. చిత్తు కూడా ఆ మూడిట్లో మధ్యదే, మొదటిది కాదు. పైగా చదవడం నరకం. చుక్క స్వరమో సిరా మరకో తేల్చడానికి నాకు ఒక్కోసారి అరగంట పడుతుంది.

ఇంతకీ నా ఓటు చిత్తుకే. ఒక షరతు ఉంది: దాన్నే ముందు రాయాలి. నేను మొదట్లో శుద్ధప్రతి తెరిచి పెట్టుకుని, చిత్తులో అర్థం కానిచోట దాన్ని చూసేవాణ్ణి. ఒకసారి అలా రాసిన 16 బార్ల పాటను నెల తర్వాత మళ్ళీ చూస్తే, నేను నిక్షేపంగా "చదివిన" ఒక చుక్క చిత్తులో లేనే లేదు. శుద్ధప్రతిలో ఉంది కాబట్టి నా కన్ను ఇక్కడా దాన్ని చూసేసింది. ఒకసారి చూశాక చూడనట్టు ఉండటం కుదరదు. ఇప్పుడు చిత్తు పూర్తిగా రాసి, సందేహమున్న ప్రతిచోటా ఒక గుర్తు పెట్టి, ఆ తర్వాతే రెండోది తెరుస్తున్నాను. ఏబీసీలో (స్వరాలను ఇంగ్లిష్ అక్షరాలతో కంప్యూటర్లో టైపు చేసే పద్ధతి) రాస్తే శాతం గుర్తు పెట్టి పక్కనే అనుమానం రాసుకోవచ్చు, అందుకే అది వాడతాను. మ్యూజ్‌స్కోర్ అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్ అలవాటైనవాళ్ళు దాన్నే వాడుకోండి, ఆ గొడవ ఇక్కడ వద్దు.

ఇక అచ్చు పుస్తకాలు. పాడుకోవడానికి బాగుంటాయి, ఎత్తిరాయడానికి పనికిరావు. మైనపు సిలిండర్ దొరికితే దాన్ని మించింది లేదు, కానీ దొరికేవి కొన్నే. ఆల్‌ఫ్రెడ్ విలియమ్స్ థేమ్స్ ఎగువ ప్రాంతంలో సేకరించినవాటికి బాణీలే రాయలేదు, కాబట్టి అక్కడ నిషాదం తగవు లేదు.

చిత్తు పోయి శుద్ధప్రతి ఒక్కటే మిగిలిన పాటలూ బోలెడు. వాటిని మానేయమనను. ఏబీసీలో ఆధారం రాసే ఎస్ వరసలో "శుద్ధప్రతి నుంచి, చిత్తు చూడలేదు" అని రాసి పెడుతున్నాను.