ఆరేళ్లుగా యాక్రిలిక్, పాలీకార్బొనేట్ షీట్లతో నా తంటాలు

యాక్రిలిక్, పాలీకార్బొనేట్ అంటే గాజులా కనిపించే ప్లాస్టిక్ షీట్లు. ముందే చెప్తున్నా, నాకు వర్క్‌షాప్ లేదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఒక డ్రిల్ మెషిన్, నాలుగు క్లాంపులు, ఒక పాత టేబుల్, అంతే. ఈ ఆరేళ్లలో అమ్మ కొండపల్లి బొమ్మలకు దుమ్ము పడకుండా ఒక పెట్టె, బాల్కనీలోకి వాన జల్లు కొట్టకుండా ఒక అడ్డు, తలుపు పక్కన నేమ్‌బోర్డు చేశాను. మొదటి రెండూ రెండుసార్లు చేయాల్సి వచ్చింది.

కొనడం దగ్గరే సగం తప్పులు జరుగుతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో షాపుకెళ్లి 'ట్రాన్స్‌పరెంట్ షీట్ కావాలి' అంటే ఏది చేతికి అందితే అది కోసి ఇస్తారు, వాళ్ల తప్పు కూడా కాదు, మనం అడిగింది అదే కదా. పైన ఫిల్మ్ అంటించి ఉంటే యాక్రిలిక్, పాలీకార్బొనేట్ ఒకేలా కనిపిస్తాయి. చిన్న ముక్క అడిగి చేత్తో వంచి చూడండి. పాలీకార్బొనేట్ వంగుతుంది, యాక్రిలిక్ కాసేపు బిగుసుకుని టక్కున విరుగుతుంది. యాక్రిలిక్‌లో మళ్లీ కాస్ట్ (అచ్చులో పోసి చేసింది), ఎక్స్‌ట్రూడెడ్ (మెషిన్‌లోంచి నొక్కి తీసింది) అని రెండు రకాలు. ఎక్స్‌ట్రూడెడ్ ధర తక్కువే గానీ డ్రిల్ పెడితే వేడికి కరిగి బిట్‌కి చుట్టుకుపోతుంది. నేను ఇప్పుడు కాస్ట్ తప్ప వేరేది కొనను.

ఫుల్ షీటు 8 అడుగులు, 4 అడుగులు ఉంటుంది, 3 ఎంఎం మందం షీటే పదిన్నర కిలోల దాకా తూగుతుంది. ఒకసారి సగం షీటు బండి మీద వెనక మా బావమరిదితో పట్టించి ట్యాంక్‌బండ్ మీదుగా తెచ్చాను, గాలికి అది తెరచాపలా బండిని పక్కకి లాగేసింది. మళ్లీ ఆ పని చేయలేదు. చిన్న పనులకి 'టుకడే హైఁ క్యా భాయ్' అని అడిగితే మూలన పడేసిన కట్ పీసులు చవగ్గా ఇస్తారు. స్కేలు కాదు, మందం కచ్చితంగా కొలిచే వెర్నియర్ పట్టుకెళ్లండి. 3 ఎంఎం అని ఇచ్చింది నా దగ్గర 2.7 తేలింది, గాడి పెట్టి బిగించే డిజైన్ అయితే ఆ తేడాకే మొత్తం లొడలొడలాడుతుంది.

బొమ్మల పెట్టె సంగతి. మొదట ఫెవిక్విక్ లాంటి సూపర్‌గ్లూతో అతికించాను, తెల్లారేసరికి జాయింట్ల చుట్టూ పొగ పట్టినట్టు తెల్లటి మచ్చలు. తర్వాత షాపతను క్లోరోఫాం వాడమన్నాడు. అది జిగురు కాదు, నీళ్లలా ఉంటుంది, అంచులు రెండూ ఆనించి సిరంజీతో ఒక చుక్క వదిలితే సందులోకి దానంతట అదే పాకి ప్లాస్టిక్‌నే కరిగించి కలిపేస్తుంది. కిటికీలన్నీ తీసిపెట్టి చేయండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానీయకండి. ఆగస్టు ముసురులో చేస్తే మళ్లీ తెల్లబడింది, గాలిలో తేమ వల్ల. ఎండ కాసిన రోజు చూసుకుని చేస్తే అద్దంలా వచ్చింది.

ఆ పెట్టె రెండేళ్లు బాగానే ఉంది. కరోనా టైంలో అమ్మ ఇంట్లో కనిపించిన ప్రతిదానికీ శానిటైజర్ కొట్టేది, దీనికీ కొట్టింది. వారం తిరక్కుండా లేజర్‌తో కోయించిన అంచుల దగ్గర వెంట్రుకల్లాంటి పగుళ్లు. లేజర్ వేడికి అంచులో ఒత్తిడి ఉండిపోతుందట, దానికి శానిటైజర్‌లోని స్పిరిట్ తగిలితే పగులుతుందట. 'చేతులకి లేనిది దీనికెందుకురా' అని అమ్మ ఇప్పటికీ నమ్మదు. తడి కాటన్ గుడ్డ, ఒక చుక్క గిన్నెల సబ్బు చాలు. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, పైగా కరెంటు పుట్టి దుమ్ము ఇంకా ఎక్కువ లాగుతుంది. లేజర్ షాపుకి వెళ్తే ఇంకో మాట, పీవీసీ షీటు మాత్రం ఇవ్వొద్దు, కాలితే ఆమ్లపు వాయువు వస్తుంది, మెషిన్ పాడు, ఊపిరితిత్తులూ పాడు.

బాల్కనీ అడ్డుకి మొదట యాక్రిలిక్ పెట్టి స్క్రూలు గట్టిగా బిగించాను. మే నెల మధ్యాహ్నం టప్ మన్న శబ్దం వచ్చింది, చూస్తే స్క్రూ కన్నం నుంచి అంచు దాకా చీలిక. 4 అడుగుల షీటు 25 డిగ్రీల తేడాకి రెండు ఎంఎం దాకా సాగుతుంది, ఆ సంగతి అప్పుడు తెలియదు. కన్నం స్క్రూ కంటే పెద్దగా చేసి, రబ్బరు వాషర్ వేసి, వదులుగా బిగించాలి. రెండోసారి పాలీకార్బొనేట్ వేశాను. బంతి తగిలినా చలించలేదు గానీ మూడో ఏడుకి పసుపెక్కింది. నా పొరపాటే, ఎండని ఆపే పూత సాధారణంగా ఒకవైపే ఉంటుంది, ఫిల్మ్ మీద రాసి ఉంటుంది, నేను చదవకుండా ఆ వైపు ఇంట్లోకి తిప్పాను. గీతలు కూడా దీనికే ఎక్కువ.

నా లెక్క ఇంతే: ఇంట్లో అందంగా కనబడాల్సిన దానికి కాస్ట్ యాక్రిలిక్, 5 ఎంఎం అయితే అతకడం సులువు. బయట దెబ్బలు తగిలే చోట పాలీకార్బొనేట్. ఫిల్మ్ మాత్రం పనంతా అయ్యాకే పీకండి, అలాగని ఎండలో నెలలు వదిలేస్తే షీటుకే అతుక్కుపోతుంది. మిగిలిన ముక్కలు మంచం కింద దాచాను, మా ఆవిడ దసరా లోపు తీసేయమంది, వైఫై రూటర్‌కి ఒక స్టాండు చేస్తానని వాయిదా అడిగాను.